ఒక చుక్క తొట్టి నీరు

మీ ఇంట్లో అద్దాల చేపల తొట్టి ఉండకపోవచ్చు. సూక్ష్మదర్శిని అయితే చాలామంది ఇళ్లలో ఉండదు. అయినా ఈ పాఠాన్ని దాటవేయకండి. ఇందులో మీరు కంఠస్థం చేయవలసిన నిర్వచనాలు లేవు. ఒక పాఠంలో ఒక వాక్యం ఉంది. ఆ వాక్యం రాసింది నేను. దాన్ని నమ్మి ఒకాయన నష్టపోయాడు. ఆ సంగతి మీకు చెప్పాలని ఈ నాలుగు పేజీలు అడిగి తీసుకున్నాను.

ముందు నా పని ఏమిటో చెబుతాను. బడి మధ్యలో మానేసినవాళ్లు, పగలు పనికి పోయి రాత్రి చదువుకునేవాళ్లు, పిల్లలు నిద్రపోయాక పుస్తకం తెరిచే తల్లులు, ఇలాంటి వారి కోసం పాఠాలు రాయడం నా ఉద్యోగం. బడిలో అయితే ఉపాధ్యాయుడు ఎదురుగా ఉంటాడు. పిల్లవాడి ముఖం చూసి, అర్థం కాలేదని గ్రహించి, మరోలా చెబుతాడు. మీ ముందు ఉండేది కాగితం. కాగితం మీ ముఖం చూడలేదు. అందుకని మేము ప్రతి వాక్యాన్ని రెండు మూడు సార్లు చదువుకుంటాం. ఇది ఒంటరిగా కూర్చుని చదివే మనిషికి అర్థమవుతుందా అని అడుగుతాం. అర్థమయ్యాక ఆ మనిషి దానితో ఏం చేస్తాడు అన్న ప్రశ్న మాత్రం నేను ఎప్పుడూ అంతగా వేసుకోలేదు.

సూక్ష్మదర్శిని మీద పాఠం రాసినప్పుడు అందరూ రాసే ఉదాహరణే రాశాను. ఉల్లిపొర. ఉల్లిపాయను కోసి, లోపలి వైపు పలుచని పొర తీసి, గాజు స్లైడు మీద పరచి, "దానిపై ఒక చుక్క శుభ్రమైన నీరు వేయండి, గాలి బుడగలు రాకుండా కవర్ స్లిప్ ఉంచండి" అని రాశాను. ఉల్లిపొర విషయంలో అందులో తప్పేమీ లేదు. మీరు ఇప్పుడు చేసినా కణాలు ఇటుకల గోడలా వరుసగా కనిపిస్తాయి.

కొన్నేళ్ల తర్వాత ఒక జనవరి నెలలో సంపర్క తరగతులు చూడటానికి బస్తర్ వెళ్లాను. విశాఖపట్నంలో రైలెక్కితే అరకు కొండల మీదుగా, సొరంగాల్లోంచి, జగదల్‌పూర్ చేరవచ్చు. ఈ దారిని 1960లలో బైలడిలా గనుల ఇనుప ఖనిజం ఓడరేవుకు చేర్చడానికి వేశారు. ఖనిజం కిందికి దిగింది, మనుషులు పైకి ఎక్కారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి గని పనులకు, వ్యాపారాలకు వెళ్లి బచేలి, కిరందుల్, జగదల్‌పూర్‌లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. దక్షిణాన కొంటా, భోపాలపట్నం వైపు వెళితే తెలుగు అక్కడి ఊళ్ల మాటే. బస్తర్ రాజవంశం తమను కాకతీయుల వారసులుగా చెప్పుకున్న సంగతి మీరు వినే ఉంటారు. కనుక ఛత్తీస్‌గఢ్‌లో తెలుగు అభ్యాసకులు ఏమిటని ఆశ్చర్యపడనక్కరలేదు.

ఆ రోజు తరగతిలో తెలుగువాళ్లు ఏడుగురు. సాయంత్రం అందరూ లేచాక ముప్పై అయిదేళ్ల ఒకాయన ఆగిపోయారు. చేతిలో మా పాఠ్యపుస్తకం ఉంది. నీళ్లలో తడిసి ఆరినట్లు అట్ట ఉబ్బి ఉంది.

"మేడమ్, సూక్ష్మదర్శిని పాఠం రాసింది మీరేనాండి?" అన్నారు.

అవునన్నాను. మెచ్చుకుంటారేమో అనుకున్నానని ఒప్పుకుంటాను.

"శుభ్రమైన నీరు వెయ్యమన్నారు కదండీ. అది వేస్తే పురుగులు కదలవండి" అన్నారు.

నాకు అర్థం కాలేదు. ఉల్లిపాయలో పురుగులేమిటి? ఆయన నవ్వి, తన కథ చెప్పారు.

ఆయన తండ్రి గనుల్లో పని చేసి పదవీ విరమణ పొందారు. ఈయన తొమ్మిదో తరగతిలో చదువు ఆపేసి, కొన్నాళ్లు ఫొటో స్టూడియోలో పని చేసి, తర్వాత అలంకార చేపల దుకాణం పెట్టుకున్నారు. గప్పీలు, మోలీలు, గోల్డ్ ఫిష్‌లు. సరకు కోల్‌కతా నుంచి వస్తుంది. ఆక్సిజన్ నింపిన ప్లాస్టిక్ సంచుల్లో చేపలు ఒకటిన్నర, రెండు రోజులు చీకటి పెట్టెల్లో ప్రయాణం చేస్తాయి. దిగేసరికి నీరసించి ఉంటాయి. మనిషికైనా చేపకైనా నీరసించిన ఒంటి మీదే రోగం ముందు పడుతుంది. దానికి తోడు జగదల్‌పూర్ సముద్రమట్టానికి సుమారు 550 మీటర్ల ఎత్తున ఉంది. డిసెంబరు రాత్రులు గట్టిగా చలి వేస్తాయి. గప్పీలు, మోలీలు వెచ్చని నీటివి. 25 డిగ్రీల సెంటిగ్రేడ్ దగ్గర హాయిగా ఉంటాయి. తొట్టి నీరు రాత్రికి రాత్రి చల్లబడితే వాటి రోగనిరోధక శక్తి పడిపోతుంది.

ఆ డిసెంబరులో అప్పు చేసి పెద్ద సరకు తెప్పించారట. మూడో రోజు నుంచి చేపలు రెక్కలు ముడుచుకుని, అడుగున గులకరాళ్లకు ఒళ్లు రాసుకోవడం మొదలుపెట్టాయి. కొన్ని నీటి పైకి వచ్చి నోరు తెరుస్తూ గాలి కోసం ఆయాసపడ్డాయి. ఒంటి మీద మచ్చలేమీ లేవు. కోల్‌కతాలో చేపలు అమ్మిన పెద్దమనిషి ఫోన్‌లో, "జిగురు గీసి సూక్ష్మదర్శిని కింద చూడు, పరాన్నజీవులుంటే కదులుతూ కనిపిస్తాయి" అన్నాడు. మూతపడిన ఒక చిన్న బడి సామాను అమ్మేస్తుంటే కొన్న సూక్ష్మదర్శిని ఆయన దగ్గర ఉంది. ఎలా వాడాలో చెప్పేది మా పుస్తకం ఒక్కటే. పుస్తకం తెరిచారు. చేప ఒంటి జిగురు స్లైడు మీద పెట్టి, శుభ్రమైన నీరు కావాలి కదా అని, కుళాయి నీరు పట్టి ఒక చుక్క వేశారు.

ఇక్కడ ఒక నిమిషం చదవడం ఆపండి. కుళాయి నీటికి, తొట్టి నీటికి తేడా ఏమిటి? మీకు తోచింది పక్కన ఒక కాగితం మీద రాసుకుని ముందుకు వెళ్లండి.

రాశారా? పట్టణాల్లో కుళాయి నీటిలో క్లోరిన్ కలుపుతారు. మనకు రోగాలు తెచ్చే సూక్ష్మజీవులను చంపడానికే దాన్ని కలుపుతారు. చేప ఒంటి మీద ఉండే ఏకకణ జీవులకు కూడా అది విషమే. క్లోరిన్ లేని బావి నీరు వేసినా, దానిలోని లవణాలు, దాని వేడి తొట్టి నీటిలా ఉండవు. సున్నితమైన జీవి ఆ మార్పుకు ముడుచుకుపోవచ్చు, పగిలిపోవచ్చు. "శుభ్రమైన" అనే మాట మనకు మంచి మాట. ఆ జీవికి అది చావు కబురు.

ఆయన అక్షికటకంలో చూశారు. ఏదీ కదలలేదు. "పుస్తకం ప్రకారం చేశాను, పురుగులు లేవు" అని నిశ్చయించుకున్నారు. గాలి చాలడం లేదేమోనని ఇంకో గాలి పంపు పెట్టారు. పది రోజుల్లో మూడు తొట్లు ఖాళీ అయ్యాయి.

"మీ మాట వల్లే చచ్చిపోయాయని నేను అనట్లేదండి" అన్నారాయన. నిజమే. ఆ చేపలను చంపినదేమిటో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. వాటిని సరిగా చూసినవాళ్లు లేరు. పరాన్నజీవులే అయి ఉంటే, చూడగలిగిన రోజుల్లో ఆయన చూడలేకపోవడానికి నా వాక్యం ఒక కారణం. నేను ఎంఇడి చదివాను. పాఠ్యప్రణాళికల మీద శిక్షణలిచ్చాను. బతికున్న పరాన్నజీవిని సూక్ష్మదర్శిని కింద అప్పటికి ఒక్కసారి కూడా చూడలేదు. ఆ మాట ఆయనతో చెప్పలేకపోయాను. "మీ దుకాణం చూపిస్తారా?" అని మాత్రం అడిగాను.

మర్నాడు ఉదయం దల్పత్ సాగర్ చెరువు పక్కగా నడుస్తూ వెళ్లాం. దారిలో కాంగేర్ లోయలోని కుటుంసర్ గుహ గురించి చెప్పారు. ఆ గుహ చీకటి నీళ్లలో చిన్న చేపలున్నాయి. తరతరాలు వెలుతురు లేక వాటి కళ్లు క్షీణించాయి, ఒంటి రంగు పాలిపోయింది. "అవి అమ్ముతావా అని అడిగేవాళ్లున్నారండి. నేషనల్ పార్కు లోపలివి, అవెక్కడ, నేనెక్కడ?" అని నవ్వారు.

దుకాణం చిన్నది. వీధి వైపు తొట్లు, వెనక కిటికీ దగ్గర బల్ల మీద సూక్ష్మదర్శిని. అంబాలాలో తయారయ్యే మామూలు విద్యార్థి నమూనా, ఒకే కన్నుతో చూసేది. విద్యుత్ దీపం లేదు, కింద అద్దం ఉంది. అద్దాన్ని కిటికీ వెలుతురు వైపు తిప్పాలి. నేరుగా సూర్యుడి వైపు మాత్రం ఎప్పుడూ తిప్పకండి, కన్ను పోతుంది.

ఆయన చేసిన పద్ధతి మీకు ఉన్నదున్నట్లు చెబుతాను. ముందు స్లైడు మీద ఆ తొట్టిలోని నీరే ఒక చుక్క వేసి సిద్ధంగా పెట్టుకున్నారు. తర్వాత చేతులు తడుపుకున్నారు. పొడి చేయి తగిలితే చేప ఒంటి జిగురు పొర ఊడిపోతుంది. ఆ పొరే దానికి కవచం. మెత్తని వలతో ఒక మోలీని తీసి, తడిగుడ్డలో పట్టుకుని, కవర్ స్లిప్ అంచుతో మొప్పల వెనక నుంచి తోక వైపు ఒక్కసారి, దుమ్ము తుడిచినంత తేలికగా గీశారు. తోక నుంచి తల వైపు గీస్తే పొలుసులు లేస్తాయి. చేప తిరిగి నీటిలో పడేసరికి అర నిమిషం కూడా కాలేదు. గీసిన జిగురును చుక్కలో కలిపి, కవర్ స్లిప్ ఒక అంచు ముందు ఆనించి, నెమ్మదిగా వాల్చారు. చేతికి గాయం ఉన్నప్పుడు ఆయన ఈ పని చేయరు. చేపల నుంచి మన చర్మానికి అంటుకునే సూక్ష్మజీవులు ఉన్నాయి. పని అయ్యాక సబ్బుతో కడుక్కుంటారు.

అక్షికటకం 10 రెట్లు, వస్తుకటకం 10 రెట్లు. రెండూ కలిసి 100 రెట్లు. దీనికి అదే చాలు. కొత్తవాళ్లు అందరూ 400 రెట్లు పెట్టాలని తహతహలాడతారు. అంత పెద్దది చేస్తే కనిపించే స్థలం చిన్నదైపోయి, కదిలే జీవి చటుక్కున దాటిపోతుంది. ఇంకో మెలకువ కూడా ఉంది. వేదిక కింద ఉన్న డయాఫ్రంను కొంచెం మూసి, వెలుతురు తగ్గించాలి. ఈ జీవులు దాదాపు గాజులా పారదర్శకంగా ఉంటాయి. వెలుతురు ఎక్కువైతే అందులో కరిగిపోతాయి.

"చూడండి మేడమ్" అన్నారు.

చూశాను. నల్లని అంచుతో గుండ్రని అద్భుతమైన జీవి కనిపించింది. దొరికిందన్నాను. ఆయన ఒక క్షణం చూసి, "అది గాలి బుడగండి" అన్నారు. నల్లని మందమైన అంచు, లోపల శూన్యం ఉంటే అది బుడగ. తర్వాత ఒక పొడవాటి పురుగును చూశాను. అది నా కనురెప్ప వెంట్రుక. నక్షత్రంలా చేతులు చాచిన నల్లని మచ్చను చూశాను. అది చేప చర్మంలోని రంగు కణం. ఇవన్నీ మీకూ ఎదురవుతాయి. ఏది పరాన్నజీవి కాదో తెలుసుకోవడానికి మొదటి వారం అంతా పోతుంది, సిగ్గుపడకండి.

అప్పుడు అది వచ్చింది. చిన్న పళ్ల చక్రంలాంటి జీవి ఒకటి గిర్రున తిరుగుతూ తెర మీదికి వచ్చి, ఒక చర్మకణం మీద ఆగి, మళ్లీ తిరుగుతూ వెళ్లిపోయింది. దాని పేరు ట్రైకోడైనా. అంచున శైలికలు, మధ్యలో గడియారం చక్రానికి ఉన్నట్లు పళ్ల వలయం. నేను ఏమన్నానో నాకు గుర్తులేదు. దుకాణంలోకి వచ్చిన ఒక కుర్రవాడు భయపడి ఆగిపోయాడని మాత్రం గుర్తు.

మీరు ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. ట్రైకోడైనా ఒకటో రెండో కనిపిస్తే కంగారు లేదు. అది ఎక్కువగా నీటిలోని బాక్టీరియాను తిని బతుకుతుంది, చేప ఒంటిని కూర్చునే పీటగా వాడుకుంటుంది. అవి గుంపులు గుంపులుగా ఉన్నాయంటే నీరు మురికిగా ఉందని, తిండి ఎక్కువ వేస్తున్నారని అర్థం. ముందు చేయవలసింది నీరు మార్చడం. అక్కడ మందు సీసా తెరిచేవాడు జబ్బుకు కాక తన ఆందోళనకు మందు వేస్తున్నాడు.

రెండో తొట్టిలోని గప్పీ నుంచి తీసిన స్లైడులో అసలైన వింత ఉంది. జలగలా సాగి ముడుచుకునే చిన్న పురుగు, వెనక చివర రెండు పెద్ద కొక్కేలతో చర్మాన్ని పట్టుకుని ఊగుతోంది. గైరోడాక్టైలస్. ఇది గుడ్లు పెట్టదు, పిల్లల్ని కంటుంది. దాని ఒంట్లోకి చూస్తే ఇంకో జత కొక్కేలు కనిపించాయి. కడుపులో పిల్ల. ఆ పిల్ల కడుపులో అప్పటికే ఇంకో పిల్ల తయారవుతూ ఉంటుంది. తల్లి, కూతురు, మనవరాలు ఒకే ఒంట్లో! ఒక తొట్టి కొద్ది రోజుల్లో ఎలా నిండిపోతుందో ఇక వేరే చెప్పాలా?

దీనికి దగ్గరి బంధువు డాక్టైలోగైరస్. గోల్డ్ ఫిష్ మొప్పల్లో ఎక్కువగా ఉంటుంది. తల దగ్గర నాలుగు నల్లని కంటి చుక్కలు దాని గుర్తు. ఇది గుడ్లు పెడుతుంది. మందు పెద్ద పురుగులను చంపినా గుడ్ల మీద పెద్దగా పని చేయదు. అందుకని గుడ్లు పొదిగాక రెండోసారి మందు వేయాలి. చూశారా, కంటికి ఒకేలా ఉన్న రెండు జబ్బులకు వైద్యం వేరు. చేప ఒళ్లు రాసుకుంటోందని మాత్రమే తెలిసినవాడికి ఈ తేడా తెలియదు. నాలుగు చుక్కలు చూసినవాడికి తెలుస్తుంది. మొప్పల్ని చూడటానికి బతికున్న చిన్న చేపను హింసించవద్దు. అప్పుడే చనిపోయిన దాన్ని చూడవచ్చు. ఆలస్యమైతే పురుగులు కూడా వెళ్లిపోతాయి, చచ్చిపోతాయి.

మూడోది, చలికాలపు శత్రువు. తెల్లమచ్చ రోగం తెచ్చే జీవి. పేరు పొడవైనది, ఇక్తియోఫ్తిరియస్ మల్టీఫిలిస్. గ్రీకు, లాటిన్ మాటలు కలిపిన ఆ పేరుకు "చాలామంది పిల్లలున్న చేప పేను" అని అర్థం. పేను కాదు, ఏకకణ జీవి. ఆ పిల్లల మాట మాత్రం నిజం. చేప చర్మం కింద పెరిగి, ఉప్పు రవ్వంత తెల్లమచ్చగా కనిపించి, తర్వాత రాలి తొట్టి అడుగుకు చేరుతుంది. అక్కడ చుట్టూ తొడుగు కట్టుకుని లోపల విభజన చెందుతూ వందల సంఖ్యలో పిల్లలవుతుంది, ఒక్కోసారి వెయ్యి దాటుతాయి. అవి ఈదుతూ కొత్త చేపను వెతుక్కుంటాయి. ఒకటి రెండు రోజుల్లో దొరక్కపోతే చస్తాయి. సూక్ష్మదర్శిని కింద నెమ్మదిగా దొర్లే ముద్దలా ఉంటుంది, లోపల గుర్రపు నాడా ఆకారంలో కేంద్రకం ఉంటుంది. ఆ నాడా కనిపిస్తే ఇక సందేహం లేదు.

చర్మం కింద ఉన్నప్పుడు, తొడుగులో ఉన్నప్పుడు మందు దానికి అందదు. ఈదే పిల్లల దశలోనే అందుతుంది. మచ్చలు పోయాయి కదా అని మందు ఆపేసేవాళ్లు అందుకే మోసపోతారు. మచ్చ పోవడమంటే రాలి పిల్లలు పెట్టబోవడం కావచ్చు. నీరు వెచ్చగా ఉంటే ఈ చక్రం సుమారు వారంలో ముగుస్తుంది. చల్లగా ఉంటే వారాల తరబడి సాగుతుంది. ఆయన ఇప్పుడు హీటరుతో నీటిని నెమ్మదిగా 28, 29 డిగ్రీలకు తెచ్చి, చక్రం త్వరగా తిరిగేలా చేసి, చివరి మచ్చ పోయాక కూడా కొన్ని రోజులు వైద్యం కొనసాగిస్తారు. ఈ రోగానికి వాడే మలకైట్ గ్రీన్ అనే ఆకుపచ్చ మందు విషపూరితమైనది. తినే చేపలకు దాన్ని వాడకూడదు. మీలో చెరువులున్నవాళ్లు ఈ మాట గట్టిగా పట్టించుకోండి.

"తొట్టి నీరు వెయ్యాలని మీకు ఎవరు చెప్పారు?" అని అడిగాను.

ఆరోగ్య కేంద్రంలో మలేరియా స్లైడులు చూసే ఒక టెక్నీషియన్ అట. జనవరి మొదట్లో గప్పీలు కొనడానికి వచ్చి, బల్ల మీద సూక్ష్మదర్శిని చూసి ముచ్చటపడ్డాడు. ఈయన తన గోడు చెప్పుకుంటే, "మేము చూసే రక్తం ఆరిపోయి, రంగు వేసినది. అందులో అన్నీ చచ్చినవే. నీకు బతికున్నది కావాలి. బతికున్న దాన్ని దాని నీళ్లలోనే ఉంచి చూడాలి కదా" అన్నాడు. ఒక్క ముక్కలో తేల్చేశాడు. నా పాఠం ఆరు పేజీలు, అందులో ఈ ముక్క లేదు.

బస్తర్‌లో మలేరియా స్లైడు గురించి విడిగా చెప్పనక్కరలేదు. అక్కడ ఇంటింటికీ తెలిసిన రోగం అది. 2020 జనవరిలో మొదలైన మలేరియా ముక్త్ బస్తర్ కార్యక్రమంలో జ్వరం లేనివాళ్లకు కూడా ఇల్లిల్లూ తిరిగి రక్తపరీక్షలు చేశారు. పైకి ఏ లక్షణమూ లేకుండా పరాన్నజీవిని మోస్తున్నవాళ్లు చాలామంది బయటపడ్డారు. మచ్చల్లేని చేప మొప్పల్లో పురుగులున్నట్లే ఇది కూడా. మలేరియా పరాన్నజీవిని మనిషి రక్తంలో 1880లో అల్జీరియాలో లావెరాన్ అనే ఫ్రెంచి వైద్యుడు చూశాడు. అది దోమలో ఉంటుందని చూపింది మన సికింద్రాబాదులో. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ ఒక దోమ పొట్టను చీల్చి, దాని గోడలో ఉండకూడని కణాలను చూశాడు. ఉక్క భరించలేనంతగా ఉన్నా విసనకర్ర వేయనిచ్చేవాడు కాదట, గాలికి దోమలు ఎగిరిపోతాయని. ఎన్నో దోమల్లో ఏమీ కనిపించకపోయినా చూడటం మానలేదు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఆయనంటే డాక్టరు. అంతకు రెండు వందల ఏళ్ల ముందు హాలెండులో డెల్ఫ్ట్ అనే ఊళ్లో లీవెన్‌హుక్ అనే బట్టల వ్యాపారి ఉండేవాడు. విశ్వవిద్యాలయం మెట్లెక్కలేదు, లాటిను రాదు. తన చేత్తో అరగదీసిన చిన్న కటకాలతో 1674లో ఒక చెరువు నీటిని చూసి, అందులో కదిలే చిన్న ప్రాణులను గురించి లండన్‌లోని రాయల్ సొసైటీకి తన డచ్చి భాషలోనే ఉత్తరం రాశాడు. 1680లో ఆ సొసైటీ అతన్ని సభ్యుడిగా చేర్చుకుంది. ఈ సంగతి నేను ఆ దుకాణంలో చెబితే ఆయన, "బట్టల కొట్టా అండి?" అని రెండుసార్లు అడిగారు.

మీలో కొల్లేరు చుట్టుపక్కల చేపల చెరువుల మీద పని చేసేవాళ్లుంటే, ఇదంతా గాజు తొట్ల గొడవ అనుకోవద్దు. రాగండి, బొచ్చె మీద పట్టే చేప పేను, ఆర్గులస్, మీకు తెలియనిది కాదు. దానికి సూక్ష్మదర్శిని అక్కరలేదు. గుండ్రంగా, చదునుగా చర్మానికి అతుక్కుని కంటికే కనిపిస్తుంది. కాని దాని గుడ్లు ఎక్కడుంటాయో చూశారా? నీటిలోని గట్టి వస్తువులకు వరుసలుగా అంటించి ఉంటాయి. చెరువులో వెదురు తడికలు దించి, కొన్ని రోజులకు తీసి ఎండబెడితే వాటి మీది గుడ్లు చస్తాయి. మందు ఖర్చు లేని ఈ ఉపాయం వెనక కూడా ఎవరో ఒకరు తడికను ఎత్తి దగ్గరగా చూసి ఉంటారు. మొప్పల్లోని పురుగులకు మాత్రం కటకం కావలసిందే. కొనలేమనుకునేవారికి మరో మాట. మేరఠ్‌లో పుట్టి స్టాన్‌ఫర్డ్‌లో పని చేస్తున్న మను ప్రకాశ్, తన సహచరులతో కలిసి కాగితాన్ని మడిచి చేసే ఫోల్డ్‌స్కోప్‌ను తయారు చేశారు. దాని వివరాలు 2014లో ప్రచురించారు. సుమారు 140 రెట్లు చూపిస్తుంది. జేబులో పడుతుంది.

తిరిగి వచ్చాక నా పాఠం మార్చాను. "శుభ్రమైన నీరు" అన్న చోట "ఉల్లిపొర వంటి వాటికి శుభ్రమైన నీరు, బతికున్న జీవులను చూడాలంటే అవి ఉన్న చోటి నీరే" అని చేర్చాను. పక్కనున్నవాళ్లు, ఉల్లిపొర ప్రయోగానికి ఇదెందుకు, పేజీ పెరుగుతుంది అన్నారు. చివరికి రెండు పంక్తులు మిగిలాయి. పాత ప్రతి మీ దగ్గర ఉంటే దయచేసి కలంతో దిద్దుకోండి.

ఫిబ్రవరిలో ఆయన నుంచి ఫోన్‌లో ఒక సందేశం వచ్చింది. గప్పీ తొట్టికి వైద్యం చేసి, వారానికొక స్లైడు చూస్తూ లెక్క రాసుకుంటున్నారట. మొదటి స్లైడులో 14 పురుగులు, రెండోదానిలో 2. "మూడోది ఇవాళ చూడాల్సింది మేడమ్. పొద్దుటి నుంచి మబ్బు పట్టింది, అద్దంలో వెలుతురు లేదు. అప్పటిదాకా ఆ తొట్టి చేపలు ఎవరికీ అమ్మనండి" అని రాశారు.